పీత నడక నడవనన్న జియిచిరో

జపాను పార్లమెంటులో ఒక మర్యాద ఉండేది. సమావేశాలు మొదలయ్యే రోజు చక్రవర్తి వస్తాడు. సభాధిపతులు ఆయన ఉన్న గదిలోకి వెళ్లి వంగి నమస్కరించి బయటికి రావాలి. ఆ వెళ్లడం, రావడం మామూలుగా కాదు. చక్రవర్తికి వీపు కనబడకూడదు. అందుకని ముఖం ఆయన వైపే పెట్టి, పక్కవాటుగా అడుగులేసుకుంటూ కదలాలి. దానికి జనం పెట్టిన పేరు పీత నడక. 1948 జనవరిలో ఎగువసభ ఉపాధ్యక్షుడు ఆ నడక నడవనన్నాడు. ఆయనకప్పుడు 60 ఏళ్లు. పేరు మత్సుమోతో జియిచిరో. పుట్టింది అంటరాని వాడలో.

దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకున్న తాతలు, సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయిన నాయనలు, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్న పెద్దలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. నిటారుగా నాలుగడుగులు వేయడం ఎంత పెద్ద సంగతో మనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఒక్క రోజుతోనే ఆయన్ని గుర్తు పెట్టుకుంటే సరిపోదు. అంతకుముందు 27 ఏళ్ల పోరాటముంది. మనం మాట్లాడుకోవడానికి ఇబ్బందిపడే కొన్నేళ్లు కూడా ఉన్నాయి.

ముందు పేరు సంగతి. జపానులో ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మత్సుమోతో అక్కడ లక్షల మందికి ఉండే ఇంటిపేరు. జియిచిరోలోని ఇచిరో అంటే పెద్దకొడుకు అని అర్థం, మగపిల్లల పేర్లలో తరచూ వస్తుంది. ముందున్న జి అనే అక్షరానికి పాలించడమనీ, రోగం నయం చేయడమనీ అర్థాలున్నాయి. ఈ పేరులో ఎక్కడా కులం జాడ లేదు. మన దగ్గర పేరు చెప్పగానే ఇంటిపేరు అడుగుతారు, అందులో తేలకపోతే ఊళ్లో ఏ వైపు అని అడుగుతారు. హైదరాబాదులో జియిచిరో కంటే ఒక్క ఏడాది చిన్నవాడైన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పేరు మారడమే అక్కడ ఒక ధిక్కారం. జపానులో పేరు మార్చి లాభం లేదు. బురాకు మనిషి ముఖం, భాష, పేరు అన్నీ పక్కవాడివే. పట్టించేది చిరునామా.

బురాకు అంటే జపాను భాషలో పల్లె, వాడ అంతే. తోకుగావా పాలకుల కాలంలో తోలు పని, చచ్చిన పశువుల్ని ఎత్తే పని, నేరస్తులకు శిక్షలు అమలుచేసే పని చేసినవాళ్లను ఎతా అన్నారు. ఆ మాటను రాసే అక్షరాలకు విపరీతమైన మురికి అని అర్థం. వీళ్లతో పాటు హినిన్ అని ఇంకొక వర్గం ఉండేది. ఆ మాటకు మనిషి కానివాడు అని అర్థం. 1871లో మీజీ ప్రభుత్వం ఈ పేర్లు రద్దు చేసింది. భూమి ఇవ్వలేదు, పని చూపలేదు. అప్పటిదాకా వీళ్ల చేతుల్లో ఉన్న తోలు వ్యాపారం మాత్రం ఎవరైనా చేసుకోవచ్చని తెరిచింది. 1873లో మిమాసాకా ప్రాంతంలో రైతులు ఈ వాడల మీద పడి ఇళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. చట్టంలో సమానమైనందుకు చంపడమేమిటని కారంచేడు, చుండూరు తెలిసిన మనం అడగం. కొత్తగా రాసిన కుటుంబ రిజిస్టర్లలో, అంటే కొసెకిల్లో, చాలాచోట్ల వీళ్ల పేర్ల పక్కన కొత్త ప్రజలు అని చేర్చారు. ఆ కొత్త అన్న మాటే పాత మాట పని చేసిపెట్టింది.

జియిచిరో 1887 జూన్ 18న, దక్షిణాన క్యుషు దీవిలోని ఫుకువోకా పక్కన అలాంటి ఒక వాడలో పుట్టాడు. చదువు మధ్యలోనే ఆగింది. ఇరవై ఏళ్ల వయసులో చైనా వెళ్లి, డాక్టరు కాకుండానే డాక్టరునని చెప్పుకుని మందులు అమ్ముతూ తిరిగాడు. అక్కడి జపాను అధికారులు తిప్పి పంపారు. ఈ ముక్కను దాచిపెట్టి ఆయన్ని పుట్టుకతోనే మహనీయుడిగా చూపించాల్సిన అవసరం మాకు కనబడలేదు. తిరిగొచ్చాక మత్సుమోతో గుమి అనే నిర్మాణ సంస్థ పెట్టాడు. తర్వాతి కాలంలో ఉద్యమానికి డబ్బు చాలావరకు దాని నుంచే వచ్చింది. దాతల ముందు చేయి చాచాల్సిన పని లేని నాయకుడు కావడం చిన్న విషయం కాదు.

1921లో ఫుకువోకా సంస్థానాన్ని స్థాపించిన కురోదా ప్రభువు 300వ వర్ధంతి అని జిల్లా అంతా చందాలు వసూలు చేశారు. ఎవరి పాలనలో మమ్మల్ని పశువుల కింద లెక్కగట్టారో వాళ్ల పండగకు మేమే డబ్బు ఇవ్వాలా అని వాడల్లో అలజడి లేచింది. దాన్ని కూడగట్టింది జియిచిరో. మరుసటి ఏడాది 1922 మార్చి 3న క్యోతోలో సుయిహెయ్‌షా పుట్టింది. సుయిహెయ్ అంటే నీటిమట్టంలా సమంగా ఉండేది. నల్లటి జెండా మీద ఎర్రటి ముళ్లకిరీటం వాళ్ల గుర్తు. 1923లో క్యుషు శాఖ ఏర్పడితే దానికి జియిచిరో అధ్యక్షుడయ్యాడు, 1925లో మొత్తం సంస్థకే అధ్యక్షుడయ్యాడు. ఆ మధ్యలో, 1924లో, తోకుగావా వంశీకుడైన ఇయెసాతో తన బిరుదు వదులుకోవాలని సుయిహెయ్‌షా కోరింది. అతను అప్పుడు ఎగువసభ అధ్యక్షుడు. దాని వెనకే అతన్ని చంపడానికి కుట్ర చేశారని జియిచిరోను జైలుకు పంపారు. అదే కేసులో పట్టుబడిన సహచరుడొకరు జైల్లోనే చనిపోయాడు.

తర్వాత సైన్యం. ఫుకువోకాలోని 24వ పదాతి దళంలో బురాకు యువకుల్ని అవమానిస్తున్నారని 1926లో సుయిహెయ్‌షా నిలదీసింది. బలవంతంగా సైన్యంలోకి తీసుకుని, తీసుకున్నాక బ్యారక్‌లో అంటరానివాడిగా చూడటం ఏమిటన్నది ప్రశ్న. జవాబుగా వచ్చింది ఇంకొక కుట్ర కేసు. ఈసారి బ్యారక్‌లను పేల్చేయాలనుకున్నారని ఆరోపణ. జియిచిరోకు మూడున్నరేళ్ల శిక్ష పడింది, 1931 చివర్లో విడుదలయ్యాడు. ఈ కేసు నడుస్తుండగానే 1927లో కితాహారా తాయిసాకు అనే బురాకు సిపాయి, నగోయాలో కవాతు చూడటానికి వచ్చిన చక్రవర్తి ముందుకు నేరుగా వెళ్లి అర్జీ పట్టుకున్నాడు. అతనికీ జైలే.

మాకు ఎక్కువసేపు ఆగాలనిపించేది 1933 దగ్గర. కగావా జిల్లాలో ఇద్దరు బురాకు అన్నదమ్ములు. వాళ్లలో ఒకడు ఒక అమ్మాయితో కలిసి కాపురం పెట్టాడు. తన పుట్టుక సంగతి చెప్పలేదు. అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేశాడు. అన్నదమ్ములిద్దరూ అమ్మాయిని మోసగించి ఎత్తుకుపోయినట్టేనని తకమత్సు కోర్టు శిక్ష వేసింది. మరో మాటలో, 62 ఏళ్ల కిందట రద్దయిన కులాన్ని తనంతట తాను చెప్పుకోకపోవడం నేరమైంది. మన దగ్గర కులం దాటి ప్రేమించిన కుర్రాడి మీద ముందు పడేది కిడ్నాప్ కేసే. ఆ కోర్టు కాగితాల మీద తెలుగు ఊళ్ల పేర్లు వేస్తే తేడా తెలియదు.

జియిచిరో నాయకత్వంలో దేశమంతా కదిలింది. ఫుకువోకా నుంచి టోక్యో దాకా ఊరూరా సభలు పెడుతూ అర్జీల యాత్ర వెళ్లింది. వాడల్లో ఉన్న చిల్లర డబ్బులు పోగుపడ్డాయి. చివరికి ఆ ఇద్దర్నీ గడువుకు ముందే వదిలారు, కేసు నడిపిన ప్రాసిక్యూటరును బదిలీ చేశారు. తీర్పు మాత్రం రద్దు కాలేదు. దీన్ని గెలుపు అనాలా అన్న చర్చ ఉంది. కానీ ఆ తర్వాత 1936లో ఫుకువోకా నుంచి జియిచిరో దిగువసభకు ఎన్నికయ్యాడంటే, ఈ యాత్ర వేసిన దారి అందులో ఉంది. సభలోకి వెళ్లి ఆయన అడిగింది ప్రభువుల బిరుదులు తీసేయమని. ఒకడు పుట్టుకతో గొప్పవాడు కావడం ఆగనంతకాలం ఇంకొకడు పుట్టుకతో నీచుడు కావడం ఆగదని ఆయన వాదన. అంబేడ్కర్‌ను చదివిన మనకు ఈ తర్కం కొత్త కాదు. ఆయన జియిచిరో కంటే నాలుగేళ్లు చిన్న. ఇద్దరూ ఒకే పదేళ్లలో, ఒకరు మహద్ చెరువు దగ్గర, ఒకరు ఫుకువోకా బ్యారక్ దగ్గర, ఒకే గోడను తడుముతున్నారు.

ఇక ఇబ్బందిపెట్టే ఏళ్లు. 1937లో చైనా మీద యుద్ధం మొదలయ్యాక సుయిహెయ్‌షా దేశభక్తి బాట పట్టింది. దేశమంతా ఒకటైతే వివక్ష కూడా పోతుందన్న ఆశ, ఒప్పుకోకపోతే మిగలమన్న భయం, రెండూ పనిచేశాయి. 1942 ఎన్నికల్లో ప్రభుత్వం ఆమోదించిన అభ్యర్థుల జాబితాలో నిలబడి జియిచిరో గెలిచాడు. సంస్థను తన చేత్తో మూసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. యుద్ధకాలపు చట్టం కింద అనుమతి అడగలేదు, దాంతో 1942లో అది లెక్కలోంచి పోయింది. అదే ఏడాది అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరాడు, బ్రిటిష్ తొత్తని తిట్లు తిన్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి జియిచిరోను సమర్థించడం తేలిక. మేం ఆ పని చేయం. జపాను సైన్యం ఆ ఏళ్లలో చైనాలో, కొరియాలో ఏం చేసిందో తెలుసు. వాడ మనిషి గౌరవం కోసం మొదలైన ఉద్యమం ఇంకొకరి గౌరవాన్ని తొక్కే యుద్ధానికి తలూపింది. ఎవరి ఒత్తిడి మీద తలూపిందో చెప్పవచ్చు, తలూపలేదని చెప్పలేం.

యుద్ధం ఓడిపోయాక 1946 ఫిబ్రవరిలో బురాకు విముక్తి జాతీయ కమిటీ ఏర్పడింది. 1947లో వచ్చిన కొత్త రాజ్యాంగం 14వ అధికరణలో కుటుంబ పుట్టుకను బట్టి వివక్ష చూపకూడదని రాశారు, ప్రభువుల బిరుదులు తీసేశారు. పదేళ్ల కింద సభలో ఆయన ఒంటరిగా అడిగిన మాట అది. ఎగువసభకు ఎన్నికై, దాని మొదటి ఉపాధ్యక్షుడయ్యాడు. పీత నడక కాదన్న సంగతి ఆ పదవిలో ఉండగానే. ఏడాది తిరిగేసరికి, 1949 జనవరిలో, యుద్ధకాలపు సంబంధాల పేరు చెప్పి ఆయన్ని ప్రభుత్వ పదవులకు అనర్హుణ్ణి చేశారు. యుద్ధం నడిపినవాళ్లు ఎందరో బయట తిరుగుతుండగా ఈయన్ని ఏరి తీయడం చూసి జనం వీధుల్లోకొచ్చారు. పైన మేం చెప్పిన తప్పు నిజమే. శిక్ష మాత్రం ఆ తప్పుకు పడలేదని మేం అనుకుంటున్నాం. 1951లో నిషేధం ఎత్తేశారు. 1953లో మళ్లీ గెలిచి చనిపోయేదాకా ఎగువసభలో ఉన్నాడు. అదే ఏడాది జపాను చైనా మైత్రి సంఘానికి అధ్యక్షుడయ్యాడు. దండెత్తిన దేశం నుంచి వెళ్లి చేయి చాపడం ఆయన పాత లెక్క సరిచేసుకోవడమో కాదో, చదివేవాళ్లే చెప్పాలి.

1955లో కమిటీ బురాకు విముక్తి లీగ్ అయింది, అధ్యక్షుడు ఆయనే. 1961లో కోచిలోని ఒక బురాకు వాడ తల్లులు, పిల్లల పాఠ్యపుస్తకాలు కొనలేమని పట్టుబట్టారు. ఈ రోజు జపానులో ఏ కులపు పిల్లవాడికైనా పాఠ్యపుస్తకం ఉచితంగా అందుతోందంటే ఆ తల్లుల పుణ్యమే. 1965లో ప్రభుత్వ సలహా మండలి బురాకు సమస్య ప్రభుత్వ బాధ్యతేనని ఒప్పుకుంది. 1966 నవంబర్ 22న, 79 ఏళ్ల వయసులో జియిచిరో చనిపోయాడు. ఇళ్లకు, రోడ్లకు, చదువులకు డబ్బు తెచ్చిన ప్రత్యేక చట్టం 1969లో వచ్చింది. ఆయన చూడలేదు.

ఆయన పెళ్లి చేసుకోలేదు, మద్యం ముట్టలేదు, టై కట్టుకోలేదు. టై దగ్గర మాకు కాసేపు నవ్వొచ్చింది. మన వాడల్లో నిలబెట్టిన విగ్రహాలకు సూటూ టై లేకపోతే అది అంబేడ్కరే కాదంటాం. ఒకచోట కట్టుకోవడం ఆత్మగౌరవం, ఇంకొకచోట కట్టుకోకపోవడం. ఫోటోల్లో ఆయన తెల్లగడ్డంతో, బొత్తాం పెట్టిన ఖాళీ కాలరుతో కనిపిస్తాడు.

1975లో ఒక సంగతి బయటపడింది. దేశంలోని బురాకు వాడల పేర్లు, ఉన్నచోట్లు జాబితాగా అచ్చేసి రహస్యంగా అమ్ముతున్నారు. పెద్ద పెద్ద కంపెనీలు కొన్నాయి, ఉద్యోగానికి వచ్చినవాళ్ల చిరునామాలు అందులో వెతకడానికి. ఇంటర్నెట్ వచ్చాక ఆ జాబితాలు అందులోకి ఎక్కాయి. లీగ్, బాధితులు కోర్టుకెక్కారు. 2023లో టోక్యో హైకోర్టు, వివక్షకు గురికాకుండా బతికే హక్కు మనిషికుందని ఒప్పుకుని వాటి ప్రచురణను ఆపమంది. జియిచిరో పుట్టిన వాడ పేరు ఆయన మీద వచ్చిన పుస్తకాల్లో ఉంటుంది, మా నోట్సులోనూ ఉంది. పైన ఫుకువోకా పక్కన ఒక వాడ అని మాత్రమే రాసి ఊరుకున్నది అందుకే.