కలకత్తా పంపిన ప్రతినిధి

బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితాన్ని స్మరించేటప్పుడు మన సభలలో మహద్ చెరువు, నాగపూర్ దీక్షాభూమి తప్పక ప్రస్తావనకు వస్తాయి. ఆ రెండింటి నడుమ కలకత్తా నగరానికి ఉన్న స్థానం గురించి వినబడేది తక్కువ. ఆయనను రాజ్యాంగ సభకు మొదట పంపినది బెంగాల్ శాసనసభ. చరిత్ర బోధించే మేము ఈ సంచికలో ఆ ఘట్టాన్నే స్మరించదలచినాము.

1891 ఏప్రిల్ 14న మౌలో మహర్ కుటుంబంలో జన్మించిన భీమరావు, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరినారు. కులం బయటపడిన వెంటనే బస చేసిన చోటి నుండి ఆయనను వెళ్ళగొట్టినారు. విద్య ఎంత గొప్పదైనా కులాన్ని చెరపజాలదని ఆయనకు అనుభవమే నేర్పింది. 1927లో మహద్ చెరువు నీటి కోసం నడిచినారు. 1935లో యేవలాలో తాను హిందువుగా మరణించబోనని ప్రకటించినారు.

1946లో రాజ్యాంగ సభకు సభ్యులను ప్రాంతీయ శాసనసభలు ఎన్నుకొన్నాయి. అంతకుముందు జరిగిన ఎన్నికలలో ఆయన షెడ్యూల్డ్ కులాల సమాఖ్య ఘోరంగా ఓడిపోయినందున, సొంత రాష్ట్రమైన బొంబాయిలో దారి మూసుకుపోయింది. అప్పుడు బరిసాల్ ప్రాంతపు నామశూద్ర నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ పూనుకొని, కలకత్తాలో శాసనసభ్యుల ఓట్లు కూడగట్టినారు. ఆ జూలైలో బాబాసాహెబ్ బెంగాల్ ప్రతినిధిగా ఎన్నికైనారు.

ఏడాదికే దేశ విభజన నిర్ణయమైంది. బెంగాల్ రెండుగా చీలగా ఆయన స్థానం రద్దయింది. అయితే ఆయన సామర్థ్యాన్ని అప్పటికే సభ గుర్తించింది. చిరకాల ప్రత్యర్థి అయిన కాంగ్రెసే 1947 జూలైలో ఆయనను బొంబాయి నుండి మరల ఎన్నుకొన్నది. ఆగస్టు 29న ఏర్పడిన ఏడుగురు సభ్యుల ముసాయిదా సంఘానికి ఆయన అధ్యక్షులైనారు. నెల్లూరు సీమకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అందులో సభ్యులు. సభ్యులలో కొందరు తప్పుకొనుట వలన, కొందరు దూరమగుట వలన భారమంతా ఆయన భుజాలపైనే పడింది. ఆరోగ్యం క్షీణిస్తున్నా మోసినారు. ఐనను కీర్తిని ఒంటరిగా స్వీకరించక, సలహాదారు బి.ఎన్. రావుకు, ముసాయిదా లేఖకులకు సభలోనే కృతజ్ఞత తెలిపినారు.

1949 నవంబరు 26న ఆమోదం పొందిన ఆ గ్రంథంలో 395 అధికరణలు, 8 షెడ్యూళ్ళు ఉండినవి. పీఠిక దాని గమ్యాన్ని చెబుతుంది. ప్రాథమిక హక్కులు ప్రభుత్వం దాటరాని హద్దులను గీస్తాయి. శాసనం చేయుట, అమలు చేయుట, తీర్పు చెప్పుట వేరువేరు అంగాలకు అప్పగించబడినవి. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచబడినవి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. హక్కుకు భంగం కలిగిన పౌరుడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చునన్న 32వ అధికరణనే ఆయన రాజ్యాంగానికి ప్రాణంగా భావించినారు. బలవంతుని చేతికి పగ్గం వేయుట, బలహీనుని చేతికి ఆధారం ఇచ్చుట: ఈ నిర్మాణమంతటి ప్రయోజనం ఇదియే.

పీఠికలో సౌభ్రాతృత్వమన్న మాటను చేర్చినది ముసాయిదా సంఘమే. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తనకు ఫ్రెంచి విప్లవం నుండి గాక బుద్ధుని బోధ నుండి లభించినవని ఆయన తరువాత స్పష్టం చేసినారు. సభలో చివరి ప్రసంగంలో ప్రాచీన భిక్షు సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు ఉండేవని గుర్తుచేసినారు. రాజకీయంలో సమానులమై, సామాజిక జీవనంలో అసమానులమై ఎంతోకాలం నిలువలేమని అప్పుడే హెచ్చరించినారు.

చట్టం చేయజాలని ఆ పనిని ధమ్మం చేయాలి. 1950లో కలకత్తా మహాబోధి సభ పత్రికలో బుద్ధుని మత భవిష్యత్తుపై ఆయన వ్యాసం వెలువడింది. బౌద్ధులకు అందరూ చదువదగిన ఒకే గ్రంథం కావలెననీ, సంఘం ప్రజాసేవకు మరలవలెననీ అందులో కోరినారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో ధమ్మదీక్ష స్వీకరించి, డిసెంబరు 6న పరినిర్వాణం పొందినారు. ఆయన కోరిన గ్రంథం, ఆయన రచించినదే, మరుసటి ఏడు వెలువడింది.

ఒక విషాదాన్ని కూడా మేము దాచరాదు. నామశూద్రులు అధికంగా నివసించిన బరిసాల్, ఫరీద్‌పూర్, ఖుల్నా జిల్లాలు పాకిస్తాన్‌లో చేరినవి. బాబాసాహెబ్‌ను పంపిన సమాజంలో అధిక భాగానికి ఆయన నిర్మించిన రాజ్యాంగపు నీడ దక్కలేదు. పాకిస్తాన్ తొలి న్యాయమంత్రి అయిన మండల్ 1950లో రాజీనామా చేసి కలకత్తా చేరినారు. ఆయన పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు?

నవంబరు 26న మనం పీఠిక చదువుతాము, అక్టోబరు 14న ప్రతిజ్ఞలు చదువుతాము. రెండూ ఒకే మనిషి మనకు అప్పగించిన బాధ్యతలు. హక్కు కోసం కోర్టుకు వెళ్ళే ధైర్యం ఎంత అవసరమో, మనకన్న కింద ఉన్నదని లోకం చెప్పే కులం ఇంట కూర్చుని భుజించే మైత్రి అంత అవసరం. దీక్ష పుచ్చుకొన్న పిదప కూడా మన పెళ్ళి సంబంధాలలో ఉపకులం విచారిస్తున్నామంటే, ఆ మూడవ మాటను మనమింకా చదువనట్లే.