పింగళి సూరనార్యుడు – ఆయన కథానాయికలు

పింగళి సూరనార్యుడు పదునారవ శతాబ్దివాడు. తండ్రి అమరనార్యుడు, తల్లి అబ్బమాంబ. అష్టదిగ్గజములలో నొకడని లోకమున వాడుక గలదు గాని, 1529లో శ్రీకృష్ణదేవరాయలు కీర్తిశేషుడైన పిమ్మటనే యీతని ప్రసిద్ధ కావ్యములు వెలువడినవని పండితులు పెక్కురు తలంతురు. మన కొత్తకోట మీదుగా దక్షిణమునకు బోవు బాట బీచుపల్లి యొద్ద కృష్ణను, కర్నూలు యొద్ద తుంగభద్రను దాటును. ఆవల నున్నది నంద్యాల. ఆ నంద్యాల ప్రభువగు కృష్ణరాజునకే సూరన కళాపూర్ణోదయమును అంకితమొనర్చెను. కావున ఈ మహాకవి మనకు పొరుగువాడే.

ఆకువీటి పెద వేంకటాద్రి ప్రోత్సాహమున రచించిన రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథకును భారతకథకును అన్వయించును. అంతటి విద్వాంసుడు కళాపూర్ణోదయమున పురాణముల నాశ్రయింపక, ప్రేమకథను తానే కల్పించెను. ప్రభావతీప్రద్యుమ్నమును కన్నతండ్రికి అంకితమిచ్చెను.

ప్రబంధనాయిక యన నఖశిఖపర్యంతము వర్ణింపబడి, విరహమున వేగునదియే యని పలువురి తలంపు. సూరనయు ఆ వర్ణనలను విడువలేదు. అయినను ఆయన నాయికలకు బుద్ధియు, విద్యయు, పనియు గలవు. కలభాషిణి వేశ్యాకులమున బుట్టియు సంగీతవిద్య నభ్యసించినది. ఆమెయే మరుజన్మమున మధురలాలసయై, శిశుప్రాయముననే పూర్వకథ నెల్ల చెప్పినది. ప్రభావతి కథను నడపునది శుచిముఖి యను ఆడుహంస. దాని బలము మాటనేర్పు.

సుగాత్రి కథ యింకను మేలైనది. సర్వాభరణములతో నెదుట నిలిచినను భర్త శాలీనుడు చలింపలేదు. అతడు తోటపనిలో నుండగా ఆమె నగలు తీసివైచి, తానును పనిలో దిగినది. అప్పుడు గదా అతని మనసు కరగినది! అలంకారము చేయలేని పనిని తోడుగా జేసిన శ్రమ చేసినది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యకల్పనను మెచ్చుకొనిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు దీనిని ఆంగ్లమున వెలయించిరి.

ప్రేమకథలు ఆడపిల్లల చేతికీయరాదని మన పెద్దలు కొందరందురు. నేనట్లు తలపను. మన గ్రంథాలయములలో మిక్కిలిగా చేతులు మారి నలిగినవి ఆ నవలలే. వానిని చదువుటకే చదువు మరువని స్త్రీలు ఎందరో గలరు. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ నవలలో జయంతి ఉద్యోగము చేసికొనుచు ఆత్మాభిమానమును నిలుపుకొనునది. అట్టి నాయికలును గలరు. ధనవంతుడైన నాయకుడు కారు దిగువరకు కన్నీటితో వేచియుండుటయే పనిగా గలవారును గలరు. ఏ కథలో నాయిక తన బుద్ధితో ఒక నిర్ణయము చేసినది, ఏ కథలో కేవలము ఎంపికకై ఎదురుచూచినది యని పాఠకురాలు తానే విచారింపవలెను. పుస్తకమును దాచినచో ఆ విచారణ కలుగదు.

ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు నా మనవి యొక్కటే. నవలల బీరువాలోనే కళాపూర్ణోదయ వచనమును గూడ నుంచుడు. జయంతిని మెచ్చిన బాలిక సుగాత్రినిగూడ చూడగలదు.