అమరగాయకుడు ఘంటసాల

కాకతీయులు ఓరుగల్లు రాజధానిగా తెలుగుదేశమును పాలించిన కాలమున సంగీత నాట్యములు మిక్కిలి ఆదరింపబడెను. గణపతిదేవచక్రవర్తి సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు రామప్ప గుడిని నిర్మించెను. ఆ గుడియందు నర్తకీమణుల శిల్పములును, మద్దెల వాయించువారి శిల్పములును నేటికిని నిలిచియున్నవి. ఆ చక్రవర్తి గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని నృత్తరత్నావళి యను గ్రంథమున నాట్యవిధానములను వివరించెను. ఈ విధముగా శిలయు, గ్రంథమును ఆనాటి ఆటను మనకు దక్కించినవి. కాని ఆనాటి పాట మాత్రము దక్కలేదు. ఆ మంటపములలో గొంతెత్తి పాడిన గాయకులెందరో! వారిలో ఒక్కరి కంఠధ్వనియైనను నేడు మనము వినజాలము. పాడినంతసేపే పాట, పిమ్మట అది గాలిలో కలసిపోయెడిది.

ఈ లోటును యంత్రము తీర్చినది. 1877లో అమెరికాయందు ఎడిసన్ అను శాస్త్రజ్ఞుడు ధ్వనిని నిలువచేసి తిరిగి వినిపించు ఫోనోగ్రాఫును కనిపెట్టెను. పది సంవత్సరముల పిమ్మట బెర్లినర్ అను నాతడు పళ్లెముపై పాటను ముద్రించు గ్రామఫోనును నిర్మించెను. 1902లో కలకత్తాయందు భారతీయ గాయకుల పాటలను ఆ విధముగా ముద్రించిరి. అటుపిమ్మట యంత్రము నాశ్రయించి తన కంఠమును తెలుగువారికి శాశ్వతముగా అందించిన వారిలో అగ్రగణ్యుడు ఘంటసాల వేంకటేశ్వరరావు. కంఠమును యంత్రమున కప్పగించుట సులభమైన పని కాదు. దానికెట్టి సాధన కావలెనో ఆయన జీవితమువలన తెలియును.

ఘంటసాల 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ సమీపమునందలి చౌటపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములను భక్తితో పాడెడివారు. తల్లి రత్నమ్మగారు. తండ్రి కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు తీసికొనిపోవుచుండగా, ఆ బాలుడు తరంగములకు లయ తప్పక నృత్యము చేయుచుండెను. ఊరివారు ముచ్చటపడి వానిని బాలభరతుడని పిలిచెడివారు. ఇట్లుండగా బాల్యముననే అతనికి పితృవియోగము సంభవించెను. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనని తండ్రి కోరిక. ఆ కోరికయే బాలునకు మిగిలిన ఆస్తి. మేనమామయైన పిచ్చిరామయ్యగారు ఆ కుటుంబమును తన సంరక్షణలోనికి తీసికొనెను.

విద్య నేర్వవలెనను పట్టుదల బాలుని నిలువనీయలేదు. అతడు తన వ్రేలి బంగారుటుంగరమును విక్రయించి, ఆ సొమ్ముతో విజయనగరమునకు పయనమయ్యెను. అచ్చటి సంగీత కళాశాల ఆంధ్రదేశమున ప్రసిద్ధమైనది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆనాటి అధ్యక్షులు ఫిడేలు విద్వాంసులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు. కాని బాలుడు చేరునప్పటికి వేసవి సెలవులు; కళాశాల తలుపులు మూయబడియుండెను. చేతిలో ధనము లేదు. ఆ ఊర ఎరిగినవారు లేరు. అట్టి సమయమున పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని తమ యింటికి చేర్చుకొని, ప్రతిఫలమాశింపక విద్య చెప్పిరి. ఆ గురువులును సంపన్నులు కారు. శిష్యుడు భుజమునకు జోలె తగిలించుకొని ఇంటింటను మధుకరమెత్తి కడుపు నింపుకొనుచు స్వరసాధన చేసెను. పిమ్మట కళాశాలయందు చేరి, విద్య ముగించి, పట్టము పొందెను.

1942లో క్విట్ ఇండియా ఉద్యమము దేశమంతట వ్యాపించెను. యువకుడైన ఘంటసాల అందు పాల్గొని, బళ్ళారి సమీపమునందలి అలీపురము చెరసాలలో పదునెనిమిది మాసములు శిక్ష ననుభవించెను. విడుదలయైన పిమ్మట 1944లో సావిత్రి యను కన్యను వివాహమాడెను. సినీకవియైన సముద్రాల రాఘవాచార్యులుగారు ఆయన గానమును విని, మదరాసునకు రమ్మని ప్రోత్సహించిరి.

ఆనాటి తెలుగు గానము తీరును కొంత తెలిసికొనవలెను. మైకులు లేని దినములలో నాటకము చూచుటకు వేలకొలది జనులు వచ్చెడివారు. కడపటి వరుసలో కూర్చున్నవానికిని వినబడవలెనన్న నటుడు గొంతు చించుకొని పద్యము పాడవలసియుండెను. పద్యము చివర సుదీర్ఘముగా రాగము తీయుట, జనులు వన్స్‌మోరని కేకలు వేయుట, మరల అదే పద్యము పాడుట పరిపాటి. అది గొప్ప కంఠబలమును కోరిన విద్యయే. కాని ఆ రాగపు వరదలో పద్యమునందలి మాట కొట్టుకొనిపోవుటయు కలదు.

యంత్రమునకు ఈ పద్ధతి సరిపడదు. పాత రికార్డు లక్కతో చేసిన పళ్లెము. దానిపై సన్నని గాడి చుట్టలు చుట్టలుగా నుండును. ముల్లు ఆ గాడివెంట పోవుచు, గాడి వంపులను బట్టి ధ్వని పుట్టించును. పాడువారు బిగ్గరగా అరచినచో గాడి మిక్కిలి పెద్ద వంపు తిరిగి, ప్రక్క గాడిలోనికి చొరబడును. మిక్కిలి మెల్లగా పాడినచో ఆ పాట పళ్లెముపై ముల్లు గీచుకొను గరగర ధ్వనిలో మునిగిపోవును. కావున పాట ఈ రెండు హద్దులకును నడుమ నడువవలెను. పది అంగుళముల పళ్లెమున ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. సినిమా ఫిలిముపై ధ్వనిని వెలుగునీడల గీతగా ముద్రించునపుడును ఇట్టి హద్దులే ఉండెను. ధ్వని హద్దు మీరెనా, కంఠము బొంగురుపోయి కర్ణకఠోరమగును.

ఈ చిక్కును తీర్చుటకు శాస్త్రజ్ఞులు ఒక సాధనమును నిర్మించిరి. దానికి కంప్రెసర్ అని పేరు. ధ్వనిని హద్దులోనుంచు ఇట్టి యంత్రములు 1930 దశకమున రేడియో కేంద్రములలో వాడుకలోనికి వచ్చి, క్రమముగా పాటలను ముద్రించు మందిరములందును స్థిరపడెను. కాకతీయుల చెరువుల పోలికతో దాని పని సులభముగా గ్రహింపవచ్చును. చెరువునుండి నీరు ఉధృతముగా వచ్చునపుడు నీరటి తూమును కొంత మూయును. నీరు తగ్గినపుడు మరల తెరచును. అందువలన కాలువ తెగదు, పైరు ఎండదు. కంప్రెసర్ కూడ నిర్ణయించిన హద్దును ధ్వని దాటగనే దానంతట తానే తగ్గించును. ఎంత తగ్గింపవలెనో, ఎంత శీఘ్రముగా తగ్గింపవలెనో, ఎంతసేపటికి విడువవలెనో ముందుగనే అమర్చియుంచవచ్చును. హద్దు దాటిన ధ్వని నాలుగు పాళ్ళున్నచో ఒక పాలు మాత్రమే పోనిచ్చునట్లు చేయుట అందొక పద్ధతి. ఇట్లు పెద్ద ధ్వనులు అణగిన పిమ్మట పాట నంతటిని కొంత హెచ్చింపవచ్చును. అప్పుడు మెల్లని పలుకులును స్పష్టముగా వినబడును.

1960 దశకమున అమెరికాయందు జేమ్స్ లారెన్స్ నిర్మించిన కంప్రెసర్ పేరుగాంచెను. అందు వెలుగే నీరటి పని చేయును. ధ్వని హెచ్చిన కొలది లోపలి పలక ప్రకాశము హెచ్చును. ఎదుటనున్న సూక్ష్మమైన సాధనము ఆ వెలుగును గ్రహించి ధ్వనిని తగ్గించును. వెలుగు తగ్గిన వెంటనే గాక కొంత నిదానముగా విడుచుటవలన పాట తీరు చెడదు. కంప్యూటరుపై పాటలను ముద్రించు ఈ కాలమునందును అనేక మందిరములలో ఇట్టి పాతకాలపు యంత్రములను ప్రీతితో వాడుచున్నారు.

అయినను యంత్రమునకు ఒక కొరత కలదు. అది ధ్వని పరిమాణము నెరుగును గాని భావము నెరుగదు. కోపముతో వచ్చిన కేకను, దుఃఖముతో వచ్చిన ఆక్రోశమును ఒకే తీరున అణచివేయును. మితిమీరి బిగించినచో పాట హెచ్చుతగ్గులు లేక ఉప్పు లేని పప్పువలె చప్పబడును. కావున ఎచట హెచ్చవలెనో, ఎచట తగ్గవలెనో ముందుగా ఎరుగవలసినవాడు గాయకుడే. నేర్చిన గాయకుడు గట్టిగా పలుకవలసినచోట మైకునకు కొంచెము దూరముగా జరుగును. మెల్లగా పలుకవలసినచోట దగ్గరకు వచ్చును. అంతకన్న నేర్పరి గొంతులోనే ఆ పని నెరవేర్చును.

ఘంటసాల మదరాసు చేరినపుడు ఆయనకు సులభముగా అవకాశములు లభింపలేదు. మొదట ఆయన కంఠము రికార్డునకు తగదని త్రోసిపుచ్చిరని ప్రతీతి. ఆయన నిరాశ చెందక రేడియోలో పాడుచు, సినిమాలలో బృందగానములందు గొంతు కలుపుచు, చిన్న వేషములు ధరించుచు కాలము గడపెను. పేకేటి శివరాంగారి చొరవచే ఆయన పాట రికార్డుకెక్కెను. 1945లో విడుదలయైన స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో కలసి పాడుటకు అవకాశము కలిగెను. 1949 నాటికి మనదేశము, కీలుగుఱ్ఱము అను చిత్రములకు తానే సంగీతము సమకూర్చు స్థితికి వచ్చెను.

ఆ దినములలో గాయకుడును వాద్యకారులును ఒకే మందిరమున చేరి ఒకేసారి పాటను ముద్రింపవలసియుండెను. ఒక్కరు పొరపడినను పాట మరల మొదటినుండి పాడవలసినదే. అట్టి పరీక్షకు ఘంటసాల నిలిచెను. శాస్త్రీయ సంగీతమున గడించిన పాండిత్యమును ప్రదర్శించుటకు ఆయన తొందరపడలేదు. పాటకు కావలసినంతయే వెలికితీసి, తక్కినదానిని లోన నిలుపుకొనెను. 1951లో పాతాళభైరవియందు మాధుర్యమును, 1953లో దేవదాసునందు భగ్నహృదయుని వేదనను ఆ కంఠము పలికించెను. దేవదాసు కేకలు వేసి ఏడువడు. ఆ అణచుకొనిన దుఃఖమే విన్నవారిని కంటతడి పెట్టించెను. 1957లో మాయాబజారునకును, 1963లో లవకుశకును ఆయన సంగీత దర్శకత్వము ప్రజల మన్నన పొందెను.

పద్యమునకు ఆయన చేసిన సేవ మరింత గొప్పది. ఆయన పద్యమునందలి రాగవిస్తారమును కుదించి, మాటకు పెద్దపీట వేసెను. ప్రతి అక్షరమును స్పష్టముగా పలికి, భావమునకు తగిన రాగమును ఎన్నుకొని, అవసరమైనంతవరకే ఆలపించెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును, కుంతికుమారిని ఆయన ఈ తీరున రికార్డులకెక్కించెను. పూవుల మొరను వినిపించునపుడు ఆ గొంతు పూవువలెనే మెత్తనయ్యెను. చదువు రాని పల్లెవాసులును ఆ పద్యములను విని కంఠస్థము చేసిరి. నాటకశాలలో వేలమందికి వినబడుటకై పాడిన పద్యము, ఘంటసాల గొంతులో ఒక్కొక్కని చెవికడ కూర్చుండి చెప్పినట్లు వినబడెను.

కీర్తి లభించినను ఆయన గురుకులమును మరువలేదు. గురుపుత్రుడైన పట్రాయని సంగీతరావుగారు అనేక సంవత్సరములు ఆయనకు సంగీతమున సహాయకులుగా నుండిరి. భారత ప్రభుత్వము 1970లో ఘంటసాలను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. 1971లో ఆయన యూరోపు, అమెరికా దేశములలో పర్యటించి అచ్చటి తెలుగువారిని తన గానముతో అలరించెను.

జీవితము చివరి సంవత్సరములలో ఆయన భగవద్గీత శ్లోకములను ఎన్నుకొని, తెలుగు తాత్పర్యముతో కూడ రికార్డులకెక్కించెను. అప్పటికే ఆరోగ్యము క్షీణించియుండెను. అయినను ఆ గానమున అలసట కానరాదు. ఆడంబరము లేదు, గొంతు ఎచటను మితిమీరదు, శ్లోకము గంభీరముగాను, తాత్పర్యము చల్లగాను సాగును. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల మదరాసులో పరమపదించెను. 2003లో భారత తపాలాశాఖ ఆయన స్మృత్యర్థము తపాలాబిళ్ళను వెలువరించెను. విజయవాడ యందలి ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆయన పేరున నడచుచున్నది.

బలము కలిగియుండుట ఒక గొప్ప. ఆ బలమును హద్దులో నుంచుకొనుట అంతకన్న గొప్ప. యంత్రము మీట త్రిప్పిన మాత్రమున ధ్వనిని అణచగలదు. ఘంటసాల ఆ నిగ్రహమును జోలె పట్టి తిరిగిన వీథులలోను, గురువు పాదములకడను, చెరసాలలోను, కటికలేమిలోను సంపాదించెను. పాత రికార్డులు అరిగిపోయినవి. వాటిని తిప్పిన గ్రామఫోనులు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. ఓరుగల్లు మొదలుకొని సముద్రమునకు ఆవలి తెలుగు ఇండ్ల వరకు ఆ కంఠము మాత్రము నేటికిని వినబడుచునే యున్నది.