రహీమ్ సాబ్: స్టార్ ప్లేయర్లను ఒక్క తాటిపైకి తెచ్చిన హైదరాబాదీ టీచర్.. 1962 జకార్తా గోల్డ్ వెనుక అసలు కథ ఇదే!

ఒక టీమ్‌లో ఒక స్టార్ ఉంటే కోచ్‌కి హ్యాపీ. ముగ్గురు స్టార్లు ఉంటే? అసలు తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. బాల్ ఎవరికి ఇవ్వాలి, ఎవర్ని పక్కన పెట్టాలి, ఎవరు అలుగుతారు.. ఇప్పుడు యూరప్‌లో కోట్లు తీసుకునే మేనేజర్లు కూడా ఈ లెక్క తేల్చలేక ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు. ఆ లెక్కని 60 ఏళ్ల కిందటే తేల్చేసిన మనిషి మన హైదరాబాద్‌లో ఉన్నారు. వృత్తి రీత్యా స్కూల్ టీచర్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆటగాళ్లకి మాత్రం రహీమ్ సాబ్.

2024లో అజయ్ దేవగన్ హీరోగా వచ్చిన మైదాన్ సినిమా ఈయన కథే. సినిమా చూసినవాళ్లకి క్లైమాక్స్ గుర్తుండే ఉంటుంది. కానీ సినిమాలో గంటల్లో అయిపోయిన పని నిజానికి 12 ఏళ్లు పట్టింది. అందులో ఒక ఘోరమైన ఓటమి కూడా ఉంది. అక్కడికే వద్దాం.

బ్లాక్‌బోర్డ్ నుంచి గ్రౌండ్‌కి

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి నిజాం పాలన. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ యూనివర్సిటీ టీమ్‌కి ఆడారు. తర్వాత టీచర్ అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పిల్లలకి పాఠాలు చెప్పారు. మధ్యలో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా కూడా చేశారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. చనిపోయే దాకా ఆ బాధ్యత ఆయనదే.

ఈ టీచర్ అనే పాయింట్ చాలా ముఖ్యం. ఎందుకంటే గ్రౌండ్‌లో కూడా ఆయన పని క్లాస్‌రూమ్ పద్ధతిలోనే నడిచింది. కుర్రాళ్ల కోసం ఆయన పెట్టించిన టోర్నమెంట్లు చూడండి. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ చేయడానికి వీల్లేదు. బాల్ వచ్చిందా, వెంటనే పక్కవాడికి పాస్ చేయాల్సిందే. ఇంకో టోర్నమెంట్‌లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో తంటాలు పడాలి.

చూడ్డానికి సరదాగా ఉంది కదా! కానీ కొంచెం ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. ప్రతి గల్లీలో ఒక హీరో ఉంటాడు. బాల్ దొరికితే నలుగురిని దాటి తనే గోల్ కొట్టాలనుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు కాబట్టి వాడికి పాస్ చేయడం అలవాటు కాదు. వాడిని పిలిచి లెక్చర్ ఇస్తే వింటాడా? వినడు. డ్రిబ్లింగ్ చేస్తే ఫౌల్ అనే రూల్ పెడితే మాత్రం పక్కవాడి వైపు చూడక తప్పదు. తిట్టకుండా, అవమానించకుండా దారికి తెచ్చే పద్ధతి ఇది. నాకు తెలిసి రహీమ్ సాబ్ సీక్రెట్ మొత్తం ఇక్కడే ఉంది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికి వచ్చింది. ఆ తర్వాత జరిగింది చూస్తే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు గెలిచారు. అదే 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చారు. అప్పట్లో ఇండియన్ ఫుట్‌బాల్ అంటే కలకత్తానే. అలాంటి టైమ్‌లో దక్కన్ నుంచి ఒక పోలీస్ టీమ్ వచ్చి కప్పులు ఎత్తుకుపోవడం మామూలు విషయం కాదు.

10-1.. ఆ రోజు ఏం జరిగిందంటే

ఇండియా టీమ్ కోచ్‌గా మొదలవ్వడం అదిరిపోయింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని ఫైనల్లో 1-0తో ఓడించి గోల్డ్ కొట్టారు. మేవాలాల్ గోల్ వేశారు. శైలేన్ మన్నా కెప్టెన్.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియాతో మ్యాచ్. స్కోర్ 10-1. మనది 1.

మన ప్లేయర్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. అక్కడ చలి, బురద. ఎదురుగా బూట్లు వేసుకున్న యూరప్ టీమ్. ఆ దెబ్బతో ఇండియన్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. ఇప్పటి రోజుల్లో అయితే ఇలాంటి స్కోర్ వచ్చిన రాత్రే కోచ్ మీద ట్రోలింగ్ స్టార్ట్ అయ్యేది, పొద్దున్నకల్లా తీసేసేవాళ్లు.

రహీమ్ మాత్రం హెల్సింకి నుంచి ఉత్త చేతులతో రాలేదు. ఆ ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టింది హంగరీ. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడతాడు. దాంతో ఎదుటి డిఫెండర్లకి ఎవర్ని పట్టుకోవాలో తెలియక గందరగోళం. ఈ ఆలోచనని ఆయన మన టీమ్‌లోకి తెచ్చారు. 1964లో ఆల్బెర్టో ఫెర్నాండో అనే మన కోచ్ బ్రెజిల్ వెళ్లి ట్రైనింగ్ తీసుకున్నారు. అక్కడ నేర్పిన విషయాలు రహీమ్ సాబ్ దగ్గర 1956లోనే నేర్చుకున్నవని ఆయన తర్వాత చెప్పారు.

ఆ 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. ఆస్ట్రేలియాని వాళ్ల సొంత గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్‌కి వెళ్లిన మొదటి ఆసియా దేశం ఇండియానే! సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే, కానీ చివరికి 4-1తో ఓడిపోయాం. బ్రాంజ్ మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో కూడా ఓడి 4వ స్థానంలో ఆగిపోయాం.

కన్నకొడుకు బెంచ్ మీదే

టీమ్ స్పిరిట్ గురించి ఎంత మాట్లాడినా, ప్లేయర్ మనసులో ఒకే డౌట్ ఉంటుంది. ఈ కోచ్ నాకు న్యాయం చేస్తాడా లేక తనవాళ్లనే చూసుకుంటాడా? హైదరాబాద్ కోచ్ కాబట్టి హైదరాబాద్ వాళ్లకే పెద్దపీట అనే మాట రావడానికి ఎంత సేపు పడుతుంది చెప్పండి.

1960 రోమ్ ఒలింపిక్స్ టీమ్‌లో సయ్యద్ షాహిద్ హకీమ్ అనే కుర్రాడు ఉన్నాడు. రహీమ్ సాబ్ కొడుకు. మంచి ఆటగాడే. మన టీమ్ అక్కడ 3 మ్యాచ్‌లు ఆడింది. హంగరీతో 2-1 తేడాతో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసింది, పెరూతో 3-1తో ఓడింది. ఈ 3 మ్యాచ్‌ల్లో ఒక్కదాంట్లో కూడా హకీమ్ గ్రౌండ్‌లోకి దిగలేదు. ఒలింపిక్స్ దాకా వెళ్లి ఒక్క నిమిషం కూడా ఆడకుండా తిరిగొచ్చాడు. ఆ ఇంట్లో ఆ తర్వాత ఎలాంటి మౌనం నడిచి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. హకీమ్ తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, ఇంటర్నేషనల్ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

సొంత కొడుకునే కూర్చోబెట్టిన కోచ్ రేపు నన్ను పక్కన పెడితే నేనేమని అడగను? టీమ్‌లో ప్రతి ఒక్కడికీ ఈ ప్రశ్న వచ్చి ఉంటుంది కదా.

ముగ్గురు స్టార్లు, మూడు క్లబ్బులు

ఇక అసలు కథ. 1962 జకార్తా ఆసియా క్రీడలు.

టీమ్‌లో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరామ్. ముగ్గురూ ముగ్గురే. చునీ మోహన్ బగాన్ ముద్దుబిడ్డ, కాళ్లతో మ్యాజిక్ చేసే డ్రిబ్లర్. పీకే ఈస్టర్న్ రైల్వే మనిషి, రైట్ వింగ్‌లో బుల్లెట్. బలరామ్ అప్పటికి ఈస్ట్ బెంగాల్ స్టార్. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే ఏంటో తెలుసుగా. ఇళ్లల్లోనే పార్టీలు మారిపోతాయి. ఏడాదంతా ఒకరి మీద ఒకరు కొట్లాడుకునే వాళ్లు ఇక్కడ ఒకరికొకరు పాస్ ఇచ్చుకోవాలి.

బలరామ్ మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పేద కుటుంబం. ట్రైనింగ్‌కి హైదరాబాద్ రావడానికి దారి ఖర్చులకి కూడా ఇబ్బంది. ఆ విషయం తెలిసి సైకిల్ అద్దెకి ఏర్పాటు చేసింది రహీమ్ సాబే. కెప్టెన్సీ మాత్రం చునీకి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ కూడా హైదరాబాద్‌లో ఎదిగినవాళ్లే.

స్టార్టింగే బెడిసికొట్టింది. మొదటి మ్యాచ్‌లో సౌత్ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం కానీ ఆ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది. 6 కుట్లు పడ్డాయి. ఆయన లేకుండానే జపాన్‌పై 2-0తో గెలిచాం.

ఇక్కడ రహీమ్ తీసుకున్న నిర్ణయం చూస్తే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. తలకి కట్టు కట్టుకున్న జర్నైల్‌ని సెమీస్‌లో దించారు. అదీ డిఫెన్స్‌లో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా! ఆసియాలోనే పేరున్న డిఫెండర్‌ని తీసుకెళ్లి అటాక్‌లో పెట్టడమా? కాలేజీ రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడేవాడన్న సంగతి రహీమ్‌కి తెలుసంటారు. సౌత్ వియత్నాంపై 3-2తో గెలిచాం. చునీ 2, జర్నైల్ 1.

డాక్టర్ ఇప్పుడైతే ఒప్పుకునేవాడు కాదు, అది వేరే విషయం.

లక్ష మంది ఒకవైపు

ఫైనల్‌కి ముందు గ్రౌండ్ బయట పెద్ద గొడవ. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకి ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని భారత్‌కి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు గురుదత్ సోంధీ ప్రశ్నించారు. అంతే, జకార్తా జనం భగ్గుమన్నారు. ఇండియన్ ఎంబసీ మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు బస్సులో వెళ్తుంటే తలపాగా కనిపించకుండా జర్నైల్ కిందకి వంగి కూర్చోవాల్సి వచ్చిందని టీమ్‌మేట్లు తర్వాత చెప్పుకున్నారు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అప్పటికే రహీమ్ సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఆయన సిగరెట్లు బాగా తాగేవారు. ఫైనల్ ముందు రాత్రి ఆయన ప్లేయర్లకి పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. తనకి ఒక బహుమతి కావాలని, రేపు గోల్డ్ గెలిచి ఇమ్మని మాత్రం అడిగారు. ఎప్పుడూ రూల్స్ చెప్పే మాస్టారు మొదటిసారి చెయ్యి చాచి అడిగారన్నమాట. ఈ మాట పీకే, చునీ లాంటి వాళ్లు ముసలితనంలో కూడా తలచుకునేవారు.

సెప్టెంబర్ 4. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్ష మంది. ఇండియా బాల్ తాకితే చాలు గోల గోల. మనకోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ప్లేయర్లు ఉన్నారంటే నమ్ముతారా? ప్రత్యర్థి మళ్లీ సౌత్ కొరియానే. ఫ్లూ నుంచి అప్పుడే కోలుకున్న తంగరాజ్‌ని రహీమ్ గోల్‌లో నిలబెట్టారు. కొరియన్ల గాలి బంతులకి ఆ పొడుగు అవసరమని ఆయన లెక్క. అంతకుముందు గోల్ కాసి టీమ్‌ని ఫైనల్ దాకా తెచ్చిన ప్రద్యుత్ బర్మన్ బయట కూర్చున్నారు. కాలి గోరు దెబ్బతిన్న త్రిలోక్ సింగ్ నొప్పితోనే ఆడారు.

17వ నిమిషంలో పీకే గోల్. 20వ నిమిషంలో కుట్లు పడిన తలతోనే తిరుగుతున్న జర్నైల్ రెండోది. కొరియా 85వ నిమిషంలో ఒకటి తిరిగి కొట్టింది. అక్కడితో సరి. 2-1. గోల్డ్ మనదే.

ఆ టోర్నీలో ఇండియా కొట్టిన గోల్స్ మొత్తం 11. పీకే 4, చునీ 3, బలరామ్ 2, జర్నైల్ 2. ముగ్గురు స్టార్లలో ఒక్కడే మొత్తం మోసింది లేదు, ఒక్కడు ఖాళీగా మిగిలిందీ లేదు.

9 నెలల తర్వాత

1963 జూన్ 11న రహీమ్ సాబ్ కన్నుమూశారు. వయసు 53. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఇండియాకి మళ్లీ గోల్డ్ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో ఒక బ్రాంజ్ వచ్చింది. ఆ టీమ్ కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. మెడల్ లిస్ట్‌లో మనకి అదే ఆఖరిది.

ఇక ఆ ముగ్గురు స్టార్లు. పీకే బెనర్జీ 2020 మార్చిలో, చునీ గోస్వామి అదే ఏడాది ఏప్రిల్‌లో, బలరామ్ 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ఆట మానేశాక పీకే కోల్‌కతాలో పెద్ద కోచ్ అయ్యారు. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన మాటలు వింటే ప్లేయర్లకి పూనకం వచ్చేదట. బెంగాల్ పేపర్లు దానికి వోకల్ టానిక్ అని పేరు పెట్టాయి. ఆ టానిక్ మొదటి డోస్ ఆయనకి ఎవరి దగ్గర దొరికిందో జకార్తా కథ విన్న మీకు వేరే చెప్పక్కర్లేదు.