శిష్యుల నెరిగిన గురువు: రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

కళాశాలలో క్రొత్తగా చేరిన బాలునకు ఏ పాఠ్యవిషయమును ఎన్నుకొనవలయునో, ఏ యుద్యోగమునకు పోవలయునో చెప్పువారు పెక్కురు కలరు. ఎట్టి మనుష్యుడు కాదలచితివని అడుగువారు అరుదు. అట్టి అరుదైన ఆచార్యులలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగా రొకరు.

వారు 1862లో మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. అందుచే బాల్యము తెలుగుదేశమునకు దూరముగా గడచినది. ఉర్దూ, పారసీ భాషలు చిన్ననాడే అలవడినవి. పిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువునప్పుడు ప్రిన్సిపాలు విలియం మిల్లరు దొరగారి ప్రభావము వారిపై గాఢముగా పడినది. శిష్యునియెడ గురువు బాధ్యత తరగతిగదితో ముగియదని వారక్కడనే గ్రహించిరనవచ్చును.

మచిలీపట్టణపు నోబిల్ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, 1899లో సికిందరాబాదు మహబూబు కళాశాలకును, 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకును ప్రిన్సిపాలైరి. 1919 వరకు కాకినాడలో ఆ పదవి నిర్వహించిరి. అక్కడ స్త్రీలకు కళాశాలా ప్రవేశము కల్పించిరి. యౌవనముననే భార్య గతించగా మరల వివాహమాడలేదు. తెల్లని దుస్తులు ధరించి, నిరాడంబరముగా జీవించుచు, తమ యార్జనను బీదవిద్యార్థుల జీతములకును భోజనములకును వెచ్చించిరి. సంఘము దూరముంచిన కులముల బాలురను సైతము చేరదీసి చదివించిరి. శిష్యులకు వారి యిల్లు రెండవ పాఠశాల. జనులు వారిని అపర సోక్రటీసు అనుట ఊరక కాదు.

అయితే ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. నాయుడుగారు బ్రహ్మసమాజీయులు, రాజకీయాందోళనముకంటె శీలసంస్కారమే ముఖ్యమని నమ్మినవారు, 1924లో ఆంగ్ల ప్రభుత్వమునుండి సర్ బిరుదము పొందినవారు. బందరులో వారి శిష్యులైన ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రికా సంపాదకులై జాతీయోద్యమమునకు అండయైరి. కోపల్లె హనుమంతరావుగారు 1910లో జాతీయ కళాశాలను నెలకొల్పి దానికే జీవితమును ధారపోసిరి. పట్టాభి సీతారామయ్యగారు 1948లో కాంగ్రెసు అధ్యక్షులుగా ఎన్నికైరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు నాయుడుగారి ప్రభావమున బ్రహ్మసమాజము వైపు మొగ్గినను, కడకు తమ దారి కవిత్వమే యని తెలిసికొనిరి.

గురువు నడచిన బాట వేరు, శిష్యులు పట్టిన త్రోవలు వేరు. ఐనను గురుభక్తికి లోపము రాలేదు. తమ వంటివారిని తయారుచేయుటే ఆయన పనియై యున్నచో ఇందరు ఇన్ని విధముల వారు వెలువడి యుండరు. ఆయన ఇచ్చినది నిర్ణయము కాదు. నిర్ణయించుకొను ధైర్యము, దానికి కట్టుబడు నియమము.

1925 మొదలు 1928 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 1939లో నాయుడుగారు దివంగతులైరి. మార్కుల పట్టిక చూచి బిడ్డల భవిష్యత్తును తేల్చివేయు తొందర మనకు పెరిగినది. ఆ బిడ్డను ముందుగా తెలిసికొనుడని నాయుడుగారి జీవితము నేటికిని మనకు గుర్తు చేయుచున్నది.