రెక్కలపై మచ్చలున్న దోమ



సికింద్రాబాదు విచారణల వారికి బేగంపేట కొత్త కాదు. అక్కడ డాక్టర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉన్నదనీ మీరెరుగుదురు. మలేరియా దోమకాటు వల్ల వస్తుందని ఆయన నిరూపించినట్లు మీ పిల్లలు పరీక్షల్లో రాసే ఉంటారు. అయితే అంతకుముందు రెండేళ్లపాటు ఆయన తప్పు దోమలనే కోసి చూశాడని మీకు తెలుసా?

రాస్ 1857లో అల్మోరాలో జన్మించాడు. సైన్యంలో వైద్యుడు. చలిజ్వరానికి మందు అప్పటికే ఉంది. సింకోనా చెట్టు బెరడును పదిహేడవ శతాబ్దంలోనే యేసుసభ గురువులు ఐరోపాకు చేర్చారు. జెసూట్ల బెరడు అనే పేరు దానికి అలా వచ్చింది. మన తాతలు ముఖం చిట్లించుకుని మింగిన కొయినా ఆ బెరడు నుండి తీసినదే. మందు తెలిసింది గాని జబ్బు ఒకరి నుండి ఒకరికి ఎలా చేరుతుందో తెలియలేదు. దోమను అనుమానించమని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు చెప్పగా, ఆ మాట పట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాదు చేరాడు.

కాని ఏ దోమ? దోమల ప్రజాతులను వివరించే గ్రంథాలు ఆయనకు అందుబాటులో లేవు. కనుక రంగునుబట్టి తానే విడదీసుకున్నాడు: చారలవి, బూడిదరంగువి, రెక్కలపై మచ్చలున్న గోధుమరంగువి. మొదటి రెండు రకాలే ఎక్కువగా చిక్కేవి. వాటిచేత రోగులను కుట్టించి, కోసి, సూక్ష్మదర్శినిలో వెదికాడు. ఏమీ కనిపించలేదు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది. వేయకపోతే చెమట కారి పరికరం మరలు తుప్పు పట్టేవి.

1897 ఆగస్టులో గోధుమరంగు దోమలు దొరికాయి. అవి గోడపై వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా నిలుస్తాయి. మామూలు దోమ గోడకు సమంగా కూర్చుంటుంది. ఈ రాత్రి మీ ఇంటి గోడ చూడండి, తేడా తెలుస్తుంది. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని ఆ దోమలచేత కుట్టించుకున్నాడు. ఆ పేరు కూడా మనం గుర్తుంచుకోవద్దూ! ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా క్రిమిలో ఉండే నలుపే అది. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతున్నదన్నమాట.

విచిత్రమేమంటే, ఆ దోమల ప్రజాతికి జర్మనీ దేశస్థుడు మైగెన్ 1818లోనే అనాఫిలిస్ అని పేరు పెట్టాడు. పేరు పుస్తకాల్లో ఉంది, దోమ బేగంపేటలో ఉంది. ఆ రెంటినీ కలిపేవారే లేకపోయారు.

కొద్ది రోజులకే రాస్‌కు బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పని పూర్తిచేశాడు. అదే ఏడు ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రజ్ఞుడు మనుషులకు మలేరియా తెచ్చేది అనాఫిలిస్సేనని తేల్చాడు. ఘనత ఎవరిదన్న తగాదా మొదలైంది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది. గ్రాస్సీకీ కొంత పాలు దక్కవలసిందని నాకనిపిస్తుంది. రాస్ మాత్రం 1932లో లండన్‌లో కన్నుమూసేవరకు ఆ మాట ఒప్పుకోలేదు.