ఓమ్ నియమాన్ని అందించిన జార్జ్ సైమన్ ఓమ్

హైస్కూలు భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం చదవని వారు మనలో ఉండరు. వోల్టులను ఆంపియర్లతో భాగించి నిరోధం కనుక్కుంటాం, మార్కులు తెచ్చుకుంటాం. ఆ చిన్న సూత్రం వెనుక ఒక పేద వృత్తిపనివాడి కుమారుడి ఏళ్ల తరబడి శ్రమ ఉందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789వ సంవత్సరం మార్చి 16వ తేదీన జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళాలు తయారుచేసేవారు. తల్లి ఒక దర్జీ కుమార్తె. వారికి కలిగిన పిల్లల్లో చాలామంది పసితనంలోనే చనిపోగా జార్జ్, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు మాత్రమే మిగిలారు. జార్జ్‌కు పదేళ్ల వయసులో తల్లి కూడా కన్నుమూశారు. తండ్రి పెద్ద చదువులు చదవలేదు. అయినా సొంతంగా గణితం, భౌతికశాస్త్రం నేర్చుకుని, పగలంతా పనిచేసి, కొడుకులిద్దరికీ ఇంట్లోనే పాఠాలు చెప్పారు. లోహాన్ని కోయడం, అరగదీయడం, అమర్చడం కూడా జార్జ్‌కు తండ్రి దగ్గరే అలవడ్డాయి. ఆ చేతిపనే తరువాత ఆయన్ను శాస్త్రవేత్తగా నిలబెట్టింది.

1805లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరిన జార్జ్ చదువు తగ్గించి నాట్యం, మంచు మీద స్కేటింగ్, బిలియర్డ్స్ వైపు మళ్లారు. తనకు దొరకని అవకాశాన్ని కొడుకు పాడుచేసుకుంటున్నాడని తండ్రికి కోపం వచ్చింది. మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపించారు. అక్కడ 1806లో ఒక పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేరి, ఖాళీ సమయంలో గొప్ప గణితవేత్తల గ్రంథాలు సొంతంగా చదువుకున్నారు. తిరిగి వచ్చి 1811లో డాక్టరేట్ పొందారు. జీతం చాలక చిన్న చిన్న ఉద్యోగాలు చేసి, 1817లో కొలోన్ నగరంలోని ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. అక్కడ మంచి ప్రయోగశాల ఉండటం ఆయన అదృష్టం.

విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర అయస్కాంత సూచి కదులుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ కనుగొన్నారు. సూచి ఎంత కదిలిందో చూసి కరెంటు ఎంతో కొలవవచ్చని ఓమ్ గ్రహించారు. కావలసిన పరికరాన్ని తానే తయారుచేసుకున్నారు. తీగ పొడవు పెరిగే కొద్దీ కరెంటు ఎలా తగ్గుతుందో కొలిచి 1825లో ఒక వ్యాసం ప్రచురించారు. కానీ అందులోని సూత్రం తప్పు. లోపం ఆయన లెక్కలో లేదు, ఆయన వాడిన బ్యాటరీలో ఉంది. ఆనాటి బ్యాటరీ వాడుతుండగానే బలహీనపడేది. కొలిచే వస్తువు మారిందో, కొలతకు ఆధారమైన వోల్టేజీ మారిందో తెలిసేది కాదు.

అప్పుడు పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త బ్యాటరీకి బదులు ఉష్ణయుగ్మం వాడమని సలహా ఇచ్చారు. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిగా, మరొక అతుకును చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని 1821లో సీబెక్ కనుగొని ఉన్నారు. ఓమ్ బిస్మత్, రాగి తీసుకుని ఒక అతుకును మరుగుతున్న నీటిలో, మరొకదాన్ని మంచుగడ్డల్లో ఉంచారు. ఆ రెండు ఉష్ణోగ్రతలు మారవు కాబట్టి వోల్టేజీ కూడా మారదు. రెండు అంగుళాల నుంచి 130 అంగుళాల వరకు పొడవున్న ఎనిమిది రాగి తీగలతో 1826 జనవరిలో అనేకసార్లు కొలిచారు. ఈసారి అంకెలు కుదిరాయి. మనం చదువుకునే నియమం అలా పుట్టింది.

1827లో ఆయన తన సిద్ధాంతాన్ని పుస్తకంగా వెలువరించారు. స్వదేశంలో ఆదరణ లభించలేదు. మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగం వదులుకుని, బెర్లిన్‌లో తక్కువ జీతానికి లెక్కలు చెబుతూ గడిపారు. 1833లో నూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో స్థానం దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చిన తరువాతే ఆయన విలువ లోకానికి తెలిసింది. ఎంతోకాలంగా కోరుకున్న విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్య పదవి 1852లో మ్యూనిక్‌లో దక్కింది. 1854 జూలై 6న ఆయన మరణించారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధానికి ప్రమాణంగా ఆయన పేరునే స్థిరపరిచింది.

మిత్రులారా! మరుగునీరు, మంచుగడ్డలతో ఓమ్ చేసిన పనిని నేడు వోల్టేజీ రెగ్యులేటర్ చేస్తోంది. పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చేరబోయే వారికి 7805 అనే మూడు కాళ్ల ఐసీ తప్పక ఎదురవుతుంది. లోపలికి వచ్చే వోల్టేజీ 8 నుంచి 12 వరకు మారినా అది బయటికి 5 వోల్టులే ఇస్తుంది. దాని బోర్డును పరీక్షించేటప్పుడు కూడా ఓమ్ ఓపికే కావాలి. సప్లై ఆపి ఉంచే తీగలు కలపాలి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోవాలి. సప్లైలో కరెంటు లిమిట్‌ను 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర పెట్టుకోవాలి. ముందు లోడు లేకుండా 5 వోల్టులు వస్తున్నాయో లేదో మీటరుతో చూడాలి. మీటరు వోల్టుల మీదే ఉండాలి. ఆంపియర్ల మీద ఉంచి అవుట్‌పుట్‌కు అడ్డంగా పెడితే షార్ట్ అవుతుంది. ఇంటి కరెంటును ఎన్నడూ నేరుగా బోర్డుకు ఇవ్వరాదు.

తరువాత 50 ఓముల నిరోధాన్ని లోడుగా పెట్టాలి. అయిదును యాభైతో భాగిస్తే 0.1 ఆంపియరు. అంటే ఆ నిరోధంలో అర వాటు వేడి పుడుతుంది. అక్కడ పావు వాటు నిరోధం పెడితే మాడిపోతుంది, ఒక వాటుది పెట్టాలి. ఇన్‌పుట్ 12 వోల్టులైతే మిగిలిన 7 వోల్టులను ఐసీయే భరించాలి కనుక అందులో 0.7 వాటు వేడి పుడుతుంది. అదే ఒక ఆంపియరు తీసుకుంటే 7 వాట్లు. అప్పుడు వేడిని లాగే అల్యూమినియం హీట్‌సింక్ లేకుండా నడపకూడదు. ఆపిన వెంటనే వేలు పెట్టకూడదు. ఈ లెక్కలన్నీ తీగ కలపకముందే కాగితం మీద చేసుకోవచ్చు. ఓమ్ నియమం మన చేతులు కాలకుండా కాపాడేది ఇక్కడే.

తాళాలు చేసే ఇంట పుట్టి, తల్లిని పోగొట్టుకుని, చదువు మధ్యలో ఆగినా నిలదొక్కుకున్న మహనీయుడు ఓమ్. మొదటి ఫలితం తప్పని తేలినప్పుడు ఆయన దాన్ని పట్టుకు వేలాడలేదు, వోల్టేజీని నిలకడ చేసుకుని మళ్లీ మొదలుపెట్టారు. హాస్టల్లో ఉండి చదువుకునే మనకు ఆయన జీవితం ఆదర్శం. లెక్క తప్పితే కొట్టివేసి మళ్లీ చేద్దాం, చేతిపనిని చిన్నచూపు చూడకుండా నేర్చుకుందాం.